కువైట్‌లో పిల్లల భత్యం, ఊర్లో తల్లికి వందనం, మధ్యలో మనం

ఈసారి పోస్టు కాస్త పెద్దది. శుక్రవారం సెలవు కదా, చాయ్ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

సైటుకు కొత్తగా వచ్చిన పిల్లోళ్ళు మమ్మల్ని ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కువైటీలకు ఒక్కో బిడ్డకు నెలకు యాభై దినార్లు గవర్నమెంటు ఇస్తాదంట, నిజమేనా?" నిజమే. పనిచేసే కువైటీకి జీతంతో పాటు పిల్లల భత్యం వస్తుంది. బిడ్డకు 50 దినార్లు, ఏడుగురు బిడ్డల దాకా. ఇది గవర్నమెంటు ఉద్యోగులకే కాదు. 2000 సంవత్సరంలో 19వ నంబరు చట్టం చేసి, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే కువైటీలకు కూడా సామాజిక భత్యం, పిల్లల భత్యం గవర్నమెంటే కట్టేట్టు పెట్టారు. కంపెనీ ఇచ్చే జీతం వేరు, ఇది వేరు.

ఇది వినగానే పిల్లోళ్ళు వేళ్ళ మీద లెక్క వేస్తారు. ప్రైవేటు పనిలో కనీస జీతం 2010లో 60 దినార్లు పెట్టి, 2017లో 75 చేశారు. అంటే ఇద్దరు బిడ్డలున్న కువైటీకి బిడ్డల పేరు మీద వచ్చేది, మనలో అందరికన్నా కిందున్నోడి నెల జీతం కన్నా ఎక్కువ. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడోళ్ళకు 2016 నుంచి కనీసం 60. ఆమె చంకనెత్తుకుని తిప్పే బిడ్డ పేరున యాభై, ఆమె పేరున అరవై.

ఈ లెక్క చెప్పి ఎవరినో తిట్టడానికి కాదు ఈ పోస్టు. వాళ్ళ నేల కింద నూనె, వాళ్ళ బిడ్డలకు ఇచ్చుకుంటారు. మన ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది కూడా ఈ దేశం వల్లనే, ఆ మాట మరిచిపోకూడదు. మేం అడిగేది వేరు. గవర్నమెంటు అనేది బీదోడి బిడ్డల కోసం ఒక పుస్తకం తెరిచినప్పుడల్లా మన బిడ్డల పేర్లు అందులో ఎక్కినాయా, ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదు? డెబ్బై ఏళ్ళ కథ వెనక్కి తిప్పి చూస్తే మాకు కనిపించింది ఒకటే. మనోడు చనిపోయినప్పుడో, యుద్ధం వచ్చినప్పుడో మన ఇంటికి లెక్క కడతారు. మామూలు రోజుల్లో, వాడు బతికి పనిచేసుకుంటున్నప్పుడు, వాడి బిడ్డలు ఎవరి లెక్కలోనూ ఉండరు.

మొదటినుంచీ చెప్తాం.

నూనె పడకముందు కువైట్ కూడా బీద ఊరే. మగోళ్ళు ఎండాకాలం ముత్యాల వేటకు సముద్రంలోకి పోయేవాళ్ళు. పడవ యజమాని దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఇంట్లో పెట్టిపోవడం, వేట సరిగ్గా లేకపోతే అప్పు పై ఏడాదికి మోసుకుపోవడం. ఈ కథ ఎక్కడో విన్నట్టు లేదూ? వీసాకు అప్పు చేసి వచ్చిన మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతా రోజుల్లో వాళ్ళ పడవలు ఖర్జూరం వేసుకుని బొంబాయికి, మలబారుకు వచ్చేవి. ఇంకో సంగతి మన కుర్రోళ్ళు చానామందికి తెలియదు. 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. చివర్లో రెండేళ్ళు గల్ఫు రూపాయి అని వేరే రంగు నోటు రిజర్వు బ్యాంకే వేసి పంపింది. దినారు వచ్చింది స్వాతంత్ర్యం వచ్చిన 1961లోనే. ఈరోజు ఒక్క దినారుకు 270 రూపాయల పైన రేటు చూసుకుని మురిసిపోతున్నాం గానీ, మన తాతల కాలంలో ఇద్దరి జేబులో ఒకటే నోటు.

బుర్గాన్‌లో నూనె 1938లో పడింది. యుద్ధం అడ్డం వచ్చి మొదటి ఓడ 1946లో కదిలింది. అక్కడినుంచి ఇరవై ఏళ్ళలో బడులు, ఆసుపత్రులు, ఇళ్ళు. 1962 రాజ్యాంగంలో 11వ అధికరణం ఉంది. ముసలితనంలో, జబ్బులో, పని చేయలేని స్థితిలో పౌరులకు రాజ్యం సాయం చేస్తుందని దాంట్లో రాశారు. 'పౌరులకు' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మొత్తం కథ ఆ ఒక్క మాటలోనే ఉంది. 1976లో 61వ నంబరు చట్టంతో సామాజిక బీమా, పింఛను వచ్చాయి. అదీ పౌరులకే. విధవరాళ్ళకు, అనాథలకు, ఆదాయం లేని ఇళ్ళకు నెలనెలా సాయం చేసే చట్టం వేరే ఉంది, అదీ అంతే. పైన చెప్పిన పిల్లల భత్యం ఈ వరసలో వచ్చిందే.

మరి మనకేం పెట్టారు? 1964లో 38వ నంబరు కార్మిక చట్టం వచ్చింది. పని మానేసి పోయేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన సర్వీసు డబ్బు, సెలవు జీతం, అన్నీ అందులో ఉన్నాయి. అంటే మన భద్రత బాధ్యత రాజ్యం మీద కాదు, యజమాని మీద పెట్టారు. ఈ తేడా మనసులో పెట్టుకోండి. కువైటీకి రాజ్యం బాకీ, మనకు కంపెనీ బాకీ. కంపెనీ మంచిదైతే సరే. ఇక ఇంట్లో పనిచేసే ఆడోళ్ళని, డ్రైవర్లని ఆ చట్టంలోంచి తీసి బయట పెట్టారు. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి దిక్కునుంచి, గోదావరి జిల్లాలనుంచి వచ్చిన మన అక్కాచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి ఏ కార్మిక చట్టం కిందా లేకుండా పనిచేశారు. వాళ్ళకంటూ చట్టం వచ్చింది 2015లో, 68వ నంబరు. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని లేకుండా, ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు. అప్పటికి 1964 చట్టం వచ్చి యాభై ఏళ్ళు దాటిపోయింది. ఆ యాభై ఏళ్ళలో ఖద్దామాగా చేసి, చేతిలో ఏమీ లేకుండా ఇంటికి పోయిన పెద్దమ్మలు మా ఊర్లల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు పంపిన డబ్బుతో చదువుకున్న బిడ్డలు కూడా ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు ఇక్కడే మా పక్కన ఇటుక పేరుస్తున్నారు.

ఇప్పుడు 1990కి వస్తాం. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడింది. లక్షా డెబ్బై వేలమంది దాకా మనవాళ్ళు జోర్డాన్ దారిపట్టి, అమ్మాన్‌నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇంటికి చేరారు. మాలో పెద్దోళ్ళు చెప్తారు, ఒంటిమీద బట్టలతో దిగినామని. యుద్ధం అయినాక 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషను పెట్టింది. ఇరాక్ నూనె అమ్మిన డబ్బులో వాటా తీసి నష్టపోయినవాళ్ళకు ఇవ్వాలని. దాంట్లో 'ఎ' రకం క్లెయిము మనలాంటి వాళ్ళది. ఇల్లూ పనీ వదిలి పారిపోయిన మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకే రకం క్లెయిమూ వేయనని సంతకం పెడితే 4,000, 8,000.

గల్ఫు కూలీని కుటుంబంతో కలిపి లెక్కేసిన పుస్తకం మాకు తెలిసినంతలో ఇదొక్కటే. అక్కడ కూడా మెలిక ఉంది. కుటుంబం అంటే కువైట్‌లో ఉండి, అక్కడినుంచి పారిపోయిన కుటుంబం. భార్యాబిడ్డల్ని ఊర్లో పెట్టి ఒక్కడే క్యాంపులో ఉన్న తాపీ మేస్త్రి ఒక్కడి కిందే లెక్క. వాడి మీద ఇంటిదగ్గర నలుగురు బిడ్డలు తింటున్నా సరే. నిజానికి వాడి నెల డబ్బు ఆగిపోతే పస్తులుండేది ఆ నలుగురే. అయినా తప్పు పట్టడానికి లేదు, ఆ డబ్బు కూడా రాకపోతే చానా ఇళ్ళు అప్పుల్లోంచి లేచేవి కావు. ఆ పరిహారంతో కట్టిన ఇళ్ళు, చేసిన పెళ్ళిళ్ళు మా దిక్కు ఊర్లల్లో చెప్పుకుంటారు.

కుటుంబాన్ని ఇక్కడికే తెచ్చుకోవచ్చు కదా అంటారా? దానికి జీతం గీత ఉంది. కుటుంబ వీసాకు ఒకప్పుడు 250 దినార్ల జీతం చాలు. 2016లో 450 చేశారు, 2019లో 500, 2024 జనవరిలో 800. సూపర్వైజరు అని పేరున్నా మా జీతాలు ఆ గీత దగ్గరికి కూడా పోవు. ఇక షట్టరింగ్ కార్పెంటరు, కడ్డీ కట్టేవాడు, హెల్పరు సంగతి చెప్పేదేముంది. అందుకని మన బిడ్డలు మనదేశం లెక్కలోనే ఉండాలి. అక్కడి పుస్తకం చూద్దాం.

మన దగ్గర బీదోళ్ళకు సాయం మొదటినుంచీ రేషను కార్డు చుట్టూ తిరిగింది. 1983లో రామారావు గారు రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టినాక తెల్లకార్డు అంటే ఇంటి గౌరవం కన్నా పెద్దదైపోయింది. 2003 నుంచి బడిలో మధ్యాహ్నం వేడి అన్నం. ఆ రెండూ మా బిడ్డలు కూడా తిన్నారు, ఎవరూ మీ నాయిన యాడున్నాడని అడగలేదు. బిడ్డ చదువుకు నేరుగా తల్లి ఖాతాలో డబ్బు వేసేది 2020 జనవరి 9న అమ్మ ఒడితో మొదలైంది. ఒకటి నుంచి ఇంటరు దాకా, ఏడాదికి 15,000, ఎంతమంది బిడ్డలున్నా తల్లికి ఒక్కసారే. తర్వాత మరుగుదొడ్లకూ బడి నిర్వహణకూ పట్టుకుని 14,000, 13,000 వేశారు. గవర్నమెంటు మారినాక 2025 జూన్ 12న తల్లికి వందనం వచ్చింది. ఈసారి ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ. 13,000 ఖాతాలో, 2,000 బడికి. ఏ పార్టీది గొప్ప అని ఇక్కడ కొట్టుకోకండి. ముగ్గురు బిడ్డలున్న ఇంటికి రెండోది మేలు, ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు.

మన సమస్య షరతుల దగ్గర. రెంటికీ దాదాపు అవే షరతులు. పల్లెలో ఇంటి ఆదాయం నెలకు 10,000 లోపు ఉండాలి, టౌనులో 12,000. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫరవాలేదు. ఇన్‌కం టాక్సు కట్టేవాళ్ళు ఇంట్లో ఉండకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు.

ఇప్పుడు 75 దినార్లవాడిని తీసుకోండి. 270తో గుణిస్తే 20,000 దాటుతుంది. రాసిన రూలు రాసినట్టు చూస్తే గల్ఫులో అందరికన్నా తక్కువ జీతగాడి ఇల్లు కూడా గీత బయటే. వాడు వీసాకు తెచ్చిన లక్షన్నరకు నూటికి రెండు, నూటికి మూడు వడ్డీ కడుతుంటాడు. ఆ వడ్డీ ఆదాయంలోంచి ఎవరూ తీసేయరు. ఇక్కడ వాడు తినే ఖుబ్బూస్, రూము బాడుగ, అకామా ఖర్చు కూడా తీయరు. పక్కింట్లో ఊర్లోనే ఉండి నెలకు పాతికవేలు సంపాదించే మేస్త్రి ఆదాయం ఏ కాగితంలోనూ కనపడదు. మనది మాత్రం బ్యాంకు ద్వారా, తేదీతో సహా పోతుంది. అందరికీ ఆపేస్తున్నారని మేం అనడంలేదు. మా క్యాంపులోనే జూన్‌లో చానామంది భార్యల ఖాతాల్లో పడ్డాయి, కొందరికి రాలేదు. రానివాళ్ళలో ఎక్కువమందిది కరెంటు మీటరు కథ. ఉమ్మడి ఇల్లు, మీటరు నాయిన పేరు మీద, మూడు కాపురాలు ఒక్క మీటరు కింద, ఎండాకాలం ఒక ఏసీ. ఆ ఏసీ అన్నది, ఆగిపోయింది తమ్ముడి బిడ్డలది. విడిగా మీటరు పెట్టించుకోవడానికి తమ్ముడు ఇక్కడ, కాగితం మీద సంతకం పెట్టాల్సిన నాయిన మంచంలో.

ఇంకో పుస్తకం ఉంది, ఢిల్లీది. 2003 డిసెంబరులో ప్రవాసీ భారతీయ బీమా యోజన తెచ్చారు. వలస క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు గల్ఫుకు పోవాలంటే ఈ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోతే, పూర్తిగా పనికి రాకుండా పోతే 10 లక్షలు. ఇంటి దగ్గర భార్యాబిడ్డల ఆసుపత్రి ఖర్చుకు ఏడాదికి 50,000 దాకా ఇస్తారని ఉంది. ఎప్పుడు? మనిషి చనిపోయినాకో, శాశ్వతంగా పనికి రాకుండా పోయినాకో. బతికి పనిచేసుకునేవాడి బిడ్డకు జ్వరమొస్తే ఆ పాలసీలో వరస లేదు.

దీంట్లో మాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. పదో తరగతి పాసైతే వలస క్లియరెన్సు అక్కర్లేని పాస్‌పోర్టు ఇస్తారు. గౌరవమే. కానీ క్లియరెన్సు లేకపోతే ఆ తప్పనిసరి బీమా కూడా లేదు. మా సైట్లో తొమ్మిది తప్పి వచ్చిన హెల్పరుకు పది లక్షల పాలసీ ఉంది. వాడికి లెక్కలు రాసిపెట్టే మాకు, పది పాసైన పాపానికి, లేదు. ఇద్దరం ఎక్కేది ఒకటే పరంజా.

2012లో ఢిల్లీ ఇంకొకటి పెట్టింది, మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన. మనం పింఛనుకు దాచుకుంటే గవర్నమెంటు ఏడాదికి వెయ్యి కలుపుతుంది, ఆడోళ్ళకు ఇంకో వెయ్యి, తిరిగిపోయి స్థిరపడటానికి ఇంకో 900. ఆలోచన మంచిదే. ఎవరికీ తెలియలేదు, పెద్దగా ఎవరూ చేరలేదు, 2017లో మూసేశారు. బతికున్న గల్ఫు కూలీ కోసం ఢిల్లీ తన చేతి డబ్బు కలుపుతానన్న పథకం అది.

2020లో జలీబ్, మహబూలా మూసేసినప్పుడు మేం లోపలే ఉన్నాం. ఒక కంపెనీ, పేరెందుకులెండి, మూడు నెలలు జీతం ఆపింది. ఆ మూడు నెలల్లో మాలో కొందరి ఇళ్ళకు చేరిన డబ్బు ఏదైనా ఉందంటే, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడోళ్ళకు కేంద్రం వేసిన నెలకు 500. దాంతోపాటు కార్డు మీద బియ్యం. జీవితమంతా మనం ఇంటికి పంపుతాం కదా, ఆ ఎండాకాలం మాత్రం ఇంటోళ్ళు ఫోన్ చేసి "బియ్యం వచ్చినాయి, మా గురించి దిగులు పడొద్దు" అని మనకు ధైర్యం చెప్పారు.

2024 జూన్ 12 గుర్తుంది కదా. మంగఫ్‌లో కూలీల బిల్డింగు కాలిపోయింది. చనిపోయినవాళ్ళలో నలభైమందికి పైగా మనదేశం వాళ్ళు, ముగ్గురు మన ఆంధ్రోళ్ళు. ప్రధానమంత్రి సహాయనిధినుంచి ఇంటికి రెండేసి లక్షలు ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ గవర్నమెంటు గల్ఫులో చనిపోయినవాళ్ళ ఇంటికి 5 లక్షలని జీవో ఇచ్చింది. మన ప్రవాసాంధ్ర భరోసా బీమా కూడా, ప్రీమియం కట్టుకున్నవాడు ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. అన్నీ మంచివే, ఆ ఇళ్ళకు చానా అవసరం. మా మేస్త్రి ఒకాయన మాత్రం ఈ జాబితా విని, "అన్నా, మనం పోతేగానీ మన ఇంటికి విలువ రాదా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అట్లా కాకుండా చేయొచ్చా అంటే, చేసినోళ్ళు పక్కనే ఉన్నారు. కేరళ 2008లో ప్రవాసుల సంక్షేమ నిధికి చట్టం చేసింది. మా మలయాళీ ఫోర్‌మన్ నెలనెలా కొంత కడతాడు. అరవై దాటితే పింఛను. అంతేకాదు, బిడ్డ పెళ్ళికి, చదువుకు, ప్రసవానికి కూడా ఆ నిధిలోంచి సాయం అడగొచ్చు. మనిషి చనిపోవక్కర్లేదు. వాళ్ళు మనకన్నా ముందు వచ్చారు, సంఘాలు కట్టుకున్నారు, ఓట్లప్పుడు అడిగారు. మన దగ్గర ఓట్లప్పుడు గల్ఫోళ్ళ టికెట్లకు డబ్బులిచ్చేవాళ్ళు ఉన్నారు గానీ, నిధి అడిగినోళ్ళు తక్కువ.

అది వచ్చేదాకా మన చేతిలో గట్టిగా ఉన్నది ఒకటే, సర్వీసు డబ్బు. 2010లో వచ్చిన 6వ నంబరు చట్టం ప్రకారం నెల జీతగాడికి మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ప్రతి ఏడాదికీ నెల జీతం, మొత్తం ఏడాదిన్నర జీతం మించకుండా. మనంతట మనం మానేస్తే మూడేళ్ళ లోపు ఏమీ రాదు. మూడు నుంచి ఐదు దాకా సగం, ఐదు నుంచి పది దాకా మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితే పూర్తిగా.

120 దినార్ల జీతంతో పన్నెండేళ్ళు చేసిన మనిషిని చూడండి. రోజు కూలికి 120ని 26తో భాగించాలి, ముప్పైతో కాదు. చానా ఆఫీసుల్లో ముప్పైతో భాగించి చూపిస్తారు, అక్కడే పడిపోతాం. 75 రోజులకు 346 దినార్లు, పై ఏడేళ్ళకు ఏడు నెలలు 840, కలిపి 1,186. మన డబ్బుల్లో మూడు లక్షల ఇరవై వేలు. ఇద్దరు బిడ్డల ఇంటరుకు, డిగ్రీకి ఆయన దగ్గరున్నది అంతా అదే. మాకు తెలిసిన ఒకాయన తొమ్మిదేళ్ళ పది నెలలకు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టబోయాడు, ఇంట్లో పెళ్ళి ఉందని. రెండు నెలలు ఆగితే మూడోవంతు మిగులుతుందని చెప్తే ఆగాడు.

కాబట్టి పని ఒప్పంద పత్రం ఫోటో తీసి ఫోన్లో, ఇంట్లోవాళ్ళ దగ్గర రెండుచోట్లా పెట్టుకోండి. జీతం బ్యాంకులోనే వేయించుకోండి, చేతికి తీసుకోవద్దు. చేరిన తేదీ ఒప్పందంలో ఎంత రాశారో, అకామాలో ఎంత ఉందో ఒకసారి కలిపి చూడండి. మీ జీతం, చేరిన నెల కామెంట్లో రాస్తే ఎంత రావాలో మేం లెక్క వేసి చెప్తాం. కంపెనీ పేరు మాత్రం రాయొద్దు. రాత్రి ఎనిమిది తర్వాత చూస్తాం, రేపు స్లాబు ఉంది.